బందరు దాకా వెతుకులాట

పుణెలో బయల్దేరిన 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు మీదుగా వచ్చి మచిలీపట్నంలో, అంటే బందరులో, ఆగుతుంది. ఇందులో హైదరాబాదు నుంచి బందరు దాకా ఉన్న సుమారు 340 కిలోమీటర్ల దారిలో పట్టుచీర నేసేవాళ్లున్నారు, కొయ్యబొమ్మ చెక్కేవాళ్లున్నారు, గుడ్డ మీద అచ్చు వేసేవాళ్లున్నారు, రోల్డ్ గోల్డు నగలు చేసేవాళ్లున్నారు. వాళ్ల చుట్టూ హోటళ్లు, టైర్ల షాపులు, నర్సరీలు, ఫంక్షన్ హాళ్లు, నర్సింగ్ హోములు. ఈ వ్యాపారాలన్నిటికీ ఇవాళ రెండు చిరునామాలు: ఒకటి రోడ్డు పక్కన, రెండోది కొనేవాడి ఫోన్లో. ఆ రెండో చిరునామా సంగతి మేం చూసుకుంటామని నెలకింత పుచ్చుకునే చిన్న మార్కెటింగ్ ఏజెన్సీలు హైదరాబాదులోనూ విజయవాడలోనూ చాలానే ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక అద్దె గది, ల్యాప్‌టాప్‌లు, ఒక రేటు కార్డు. వాళ్లు చేసే పనిని ఎస్‌ఈఓ అంటారు. గూగుల్ లాంటి సెర్చ్ ఇంజన్లలో వెతికేవాళ్లకు క్లయింటు కనపడేలా చేయడం. ఈ వృత్తి మన చిన్న వ్యాపారులకు నిజంగా అవసరమన్న నమ్మకంతోనే ఈ దారిని చూస్తున్నాను. ఇబ్బందల్లా ఒక్కచోటే. చాలా ఏజెన్సీలు మొదటి ర్యాంకును సరుకుగా అమ్ముతున్నాయి. ఆ సరుకు వాళ్ల దగ్గర లేదు. వాళ్ల చేతిలో ఉన్న పని వేరే: వ్యాపారి గురించిన నిజాలు సేకరించి, సరిచూసి, వెతికేవాడికి అందేచోట పెట్టడం. దానికి మనిషి ఊరికి వెళ్లాలి, దుకాణం చూడాలి, నాలుగు ప్రశ్నలు అడగాలి. అందుకే దగ్గరలో ఉన్న చిన్న ఏజెన్సీ పెద్దవాళ్లకంటే ఆ పని బాగా చేయగలదు. ఈ దారిలో ఊరూరా దానికి సాక్ష్యం దొరుకుతుంది.

హయత్‌నగర్ దాటాక రోడ్డు విశాలమవుతుంది. నాలుగు వరుసలు, నడుమ డివైడర్, అక్కడక్కడా సర్వీసు రోడ్డు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు దాటుకుంటూ సాగే ఈ దారిలో ఎక్కడపడితే అక్కడ బండి వెనక్కి తిప్పడం కుదరదు. విజయవాడ వైపు పోయేవాడికి హోటలు ఎడమ పక్కనే ఉండాలి. మ్యాపులో పిన్ను రోడ్డుకు అవతలి పక్కన పడిందంటే ఫోను అతన్ని అటే పంపిస్తుంది. అతను కిలోమీటర్లు ముందుకెళ్లి యూ టర్న్ తీసుకుని రాడు, తర్వాత కనపడిన హోటల్లో తింటాడు. స్థానిక ఫలితాల వరుసకు గూగుల్ మూడు ప్రాతిపదికలు చెబుతుంది: అడిగినదానికి ఆ వ్యాపారం ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది. దూరాన్ని ఏ ఏజెన్సీ మార్చలేదు. పేరు నెల రోజుల్లో వచ్చేది కాదు. ఎంత సరిపోతుందన్నది మాత్రం చెప్పుకుంటేనే తెలుస్తుంది. బస్సు ఆగేంత జాగా ఉందా, ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్ ఉందా, తెల్లవారుజామున నాలుగింటికి టీ దొరుకుతుందా, మాంసాహారం వండని వంటగది ఉందా, కారు ఛార్జింగుకు పాయింటు ఉందా? ఇవన్నీ ప్రయాణికుడు నిజంగా వెతికే సంగతులు. సంక్రాంతికి ముందు రోజుల్లో టోల్‌గేట్ల దగ్గర కార్లు బారులు తీరతాయి. ఆ రాత్రుళ్లు హోటలు తెల్లవార్లూ పొయ్యి ఆర్పకపోయినా, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్లో మాత్రం పదిన్నరకు మూత అని ఉంటే ఆకలితో వెతికేవాడికి అది మూసిన హోటలే. పండగ వేళలు ముందుగా మార్చిపెట్టడం ఐదు నిమిషాల పని. ఏజెన్సీ నెలాఖరుకు పంపే ర్యాంకు రిపోర్టులో ఈ పనికి గడే ఉండదు. రిపోర్టు తయారీ అక్కడే దారి తప్పిందని నా అభిప్రాయం.

చౌటుప్పల్ రాకముందే రహదారి వదిలి ఎడమకు తిరిగితే భూదాన్ పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు వంద ఎకరాలు ఇచ్చిన ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటి. ఇక్కడి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు రంగు పడుతుంది. గ్రాఫు కాగితం మీద గీసిన డిజైను ప్రకారం పోగుల్ని కట్టలుగా బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. విప్పి, మరోచోట కట్టి, మరో రంగులో ముంచుతారు. దానికి ముందు ఆసు పోయాలి, అంటే పోగును మేకుల చుట్టూ వేలసార్లు తిప్పాలి. తల్లి పడే భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారు చేసిన చింతకింది మల్లేశంకు 2017లో పద్మశ్రీ వచ్చింది. మగ్గం మీద రంగులు కలిసే అంచు రవ్వంత చెదిరినట్టు ఉంటుంది. చేతిపనికి అదే గుర్తు. చీర తిరగేసి చూస్తే వెనకవైపూ డిజైను అంతే నిండుగా ఉంటుంది. మిల్లు గుడ్డ మీద ఇక్కత్ డిజైను ప్రింటు చేస్తే వెనకవైపు వెలిసినట్టు కనిపిస్తుంది. ఇలాంటి ప్రింటు చీరలు కూడా ఆన్‌లైన్లో పోచంపల్లి పేరు మీదే అమ్ముడవుతున్నాయి. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2005 నాటికే ఉంది. ఆ గుర్తింపు పేరుకు హక్కు ఇస్తుంది, సెర్చ్ ఫలితాల్లో ఎవరు ముందుండాలో చెప్పదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం ఎదురవుతుంది. పోచంపల్లి చీర అని వెతికితే ముందుగా పెద్ద మార్కెట్‌ప్లేస్‌లే వస్తాయి, ఒక నేత కుటుంబమో చిన్న షాపో వాటిని దాటడం జరిగే పని కాదు, మరి ఎస్‌ఈఓకు డబ్బు తగలేయడం ఎందుకు? ఆ ఒక్క మాట వరకూ అభ్యంతరం నూటికి నూరుపాళ్లూ సరైనదే. ఆ మాట మీద మొదటి స్థానం తెస్తామని చెప్పడంతోనే మోసం మొదలవుతుంది. కానీ కొనడానికి సిద్ధమైన మనిషి అంత పొట్టిగా అడిగి ఊరుకోడు. డబుల్ ఇక్కత్ అసలుదో కాదో ఎలా గుర్తుపట్టాలి, పెళ్లికి ఇరవై చీరలు ఒకే రంగులో కావాలంటే ఎన్నాళ్లు ముందు చెప్పాలి, ఆదివారం షాపులు తెరుస్తారా, మగ్గం దగ్గర కూర్చుని చూడనిస్తారా అని అడుగుతాడు. ఈ ప్రశ్నలకు మార్కెట్‌ప్లేస్ దగ్గర సమాధానం లేదు, నేత ఇంట్లో ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ పేజీ రాసే తీరిక ఉండదు, చాలామందికి తమకు రోజూ తెలిసిన సంగతి బయటివాళ్లకు తెలియదన్న ఊహ కూడా ఉండదు. ఏజెన్సీ మనిషి వెళ్లి, అడిగి, చీర వెనకవైపు వెలుతురులో ఫొటో తీసి, సిల్క్ మార్క్, హ్యాండ్లూమ్ మార్క్ ఉంటే అవి చూపించి, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసిపెడితే ఆ పేజీకి పోటీ చాలా తక్కువ. వెతికేవాళ్లు తక్కువమందే, నిజమే. కానీ ఆ తక్కువమందీ చీర కొనేవాళ్లు.

మళ్లీ రహదారెక్కి నకిరేకల్ మీదుగా సూర్యాపేట వైపు సాగే ఈ పొడవాటి దారిలో ర్యాంకు అమ్మకం ఎక్కణ్నుంచి పుట్టుకొచ్చిందో ఆలోచించుకోవచ్చు. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఒక పేజీ విలువను దానికి లింకు ఇచ్చిన మిగతా పేజీల్ని బట్టి లెక్కగట్టే పద్ధతి చెప్పారు. ఎవరో ఒకరు మెచ్చుకుంటేనే లింకు ఇస్తారన్నది అందులోని నమ్మకం. లింకు విలువైనదని తెలియగానే దాన్ని కొనడం మొదలైంది. ఒకే మాటను పేజీలో యాభైసార్లు రాయడం, కంటికి కనపడకుండా తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు పెట్టడం, ఊరూపేరూ లేని సైట్ల నుంచి వేలకొద్దీ లింకులు తెప్పించడం: ప్రతిదీ కొన్నాళ్లు పనిచేసింది. 2003 నవంబరులో గూగుల్ తెచ్చిన మార్పు మాటలు కుక్కిన పేజీల్ని కిందకు తోసింది. 2006లో బీఎండబ్ల్యూ జర్మన్ సైటును, సెర్చ్ ఇంజన్‌కు ఒకటీ చదివేవాడికి మరొకటీ చూపించినందుకు, ఫలితాల్లోంచే తీసేశారు. 2011 ఫిబ్రవరిలో పాండా అనే మార్పు పసలేని పేజీల మీద పడింది. అదే నెలలో అమెరికాలో జేసీ పెనీ అనే పెద్ద రిటైల్ సంస్థకు లింకుల కొనుగోలుతో ర్యాంకులు వచ్చాయని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది, ఆ ర్యాంకులు పడిపోయాయి. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ లింకుల వ్యాపారాన్ని దెబ్బతీసింది. 2024 మార్చిలో ర్యాంకుల కోసం టోకున తయారు చేసే రాతల్ని స్పామ్ కింద లెక్కగట్టే నిబంధన వచ్చింది. ఇరవై ఏళ్ల ఈ చరిత్రలో తేలేదొకటే. ఏ కిటుకు బాగా అమ్ముడుపోతుందో దాని మీదే తర్వాతి వేటు పడుతుంది. బీఎండబ్ల్యూకు ఆ దెబ్బ కొన్నిరోజుల తలనొప్పి. సూర్యాపేటలో ఒక డెంటల్ క్లినిక్‌కు అదే దెబ్బ తగిలితే లేవడానికి ఏడాది పట్టొచ్చు. కిటుకు వేసిన ఏజెన్సీ అప్పటికి ఇంకో క్లయింటును వెతుక్కుని ఉంటుంది.

దీనికి ఏజెన్సీల వాళ్లు చెప్పే జవాబు తీసిపారేయదగ్గది కాదు. క్లయింటు అడిగేదే మొదటి స్థానం. మేం హామీ ఇవ్వకపోతే పక్కవాడు ఇస్తాడు. నిజాయితీగా మాట్లాడితే చెక్కు వాడికే పోతుంది. సంగతి వాస్తవమే. అయితే ఆ హామీలో సరుకు లేదని చూపించడం కష్టం కాదు. మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లో రాసిపెట్టింది. పైగా స్థానిక సెర్చ్‌లో మొదటి స్థానం అంటూ ఒకటి ఉండదు. సూర్యాపేట బస్టాండులో నిలబడి టైర్ల షాపు అని వెతికినవాడికి ఒక వరుస, కోదాడలో వెతికినవాడికి మరో వరుస. క్లయింటు తన షాపులో కూర్చుని తన ఫోనులో చూసుకుంటే తన షాపే పైన కనపడటంలో వింత లేదు, దూరం సున్నా కాబట్టి. ఎవరూ వెతకని పొడుగాటి వాక్యం ఒకటి పట్టుకుని దానికి మొదటి ర్యాంకు తెచ్చి చూపించేవాళ్లూ ఉన్నారు. వ్యాపారి లెక్క తెలిసిన మనిషి. ప్రొఫైల్ చూసి ఎన్ని ఫోన్లు వచ్చాయి, దారి చూపించమని ఎంతమంది అడిగారు, గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఏయే మాటలతో వెతికి లోపలికి వచ్చారు అన్న అంకెలు అతని ముందు పెడితే, ఆ అంకెల్ని గల్లాపెట్టెతో సరిచూసుకోగలడు. హామీ ఇవ్వాల్సిన చోటు అది: ఏ పనులు ఏ తేదీకి చేస్తాం, ఏ అంకెలు చూపిస్తాం. ఈ మాటకు కొందరు క్లయింట్లు వెళ్లిపోతారు. వాళ్లు ఎలాగూ మూడోనెల ర్యాంకు ఏదని అడిగి డబ్బు ఆపేసేవాళ్లే.

కోదాడ దాటి గరికపాడు దగ్గర రాష్ట్రం మారుతుంది. ఈ సరిహద్దుకు రెండు వైపులా చిరునామాలు పదేళ్లలో ఎంత మారాయో ఫోనులోని ప్రొఫైళ్లు చూస్తే అర్థమవుతుంది, అవి ఇంకా మారలేదు కాబట్టి. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. సూర్యాపేట జిల్లా కేంద్రమైంది, పోచంపల్లి నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరిలోకి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. జగ్గయ్యపేట, నందిగామ, కొండపల్లి, విజయవాడ కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాకు మారాయి, మచిలీపట్నం కృష్ణాలోనే ఉండిపోయింది. ఒక డైరెక్టరీలో పాత జిల్లా, మరోదాంట్లో కొత్త జిల్లా, ఫేస్‌బుక్‌లో పాత ఫోను నంబరు ఉంటే సెర్చ్ ఇంజన్‌కు అది ఒక వ్యాపారమో రెండో తేలదు, పార్సిల్ తెచ్చేవాడికీ తేలదు. దీన్ని సరిచేయడం ఓపికతో చేసే గుమస్తా పని. దాన్ని వదిలేసి చాలామంది చేసేది మరొకటి: ఒకే పేజీ తీసుకుని నకిరేకల్‌లో మా సేవలు, కోదాడలో మా సేవలు, నందిగామలో మా సేవలు అని ఊరి పేరు మాత్రం మార్చి ముప్పై పేజీలు దింపడం. గూగుల్ వీటిని స్పామ్ కిందే చూస్తుంది. ఇంకా ముఖ్యం, నందిగామ మనిషి ఆ పేజీ తెరిస్తే అందులో నందిగామ గురించి ఒక్క ముక్క ఉండదు.

ఇబ్రహీంపట్నం దగ్గర పక్కకు తిరిగితే కొండపల్లి. ఇక్కడి బొమ్మకు కావలసింది చుట్టుపక్కల అడవిలో పెరిగే తెల్లపొణికి కర్ర. తేలికైన కర్ర, ఉలికి మెత్తగా లొంగుతుంది. కర్రలో తడి పోయేలా ఆరబెట్టి, బొమ్మ తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కుతారు. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికించి, ఆకురాయితో నునుపు చేసి, సుద్ద పూసి, ఆరాక రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, పల్లెటూరి పెళ్లి. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో దసరాకీ సంక్రాంతికీ వీటి కోసం వెతుకుతారు. ఆ ఇళ్లలో కొన్ని ఇప్పుడు న్యూజెర్సీలోనూ టెక్సస్‌లోనూ ఉన్నాయి. వాళ్లు అడిగేవి ఇలా ఉంటాయి: దశావతారాల సెట్టులో బొమ్మ ఎత్తు ఎన్ని అంగుళాలు, విమానంలో తీసుకెళ్తే చెయ్యి విరుగుతుందా, రంగు పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఫర్వాలేదా, సెప్టెంబరులో చేరాలంటే ఎప్పుడు ఆర్డరివ్వాలి. కొండపల్లి బొమ్మల గురించి రాసే ప్రకటనల్లో ప్రాచీన కళ, శతాబ్దాల వారసత్వం అన్న మాటలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఆ మాటలు అబద్ధం కావు. కానీ పదిమంది అవే రాస్తే వెతికేవాడికి పదీ ఒకటే, సెర్చ్ ఇంజన్‌కు కూడా పదీ ఒకటే. మక్కు ఎన్నాళ్లకు ఆరుతుందో, విరిగిన చెయ్యి ఇంట్లోనే ఎలా అతికించుకోవచ్చో రాసిన పేజీ ఒక్కటి ఉంటే అది వేరుగా నిలుస్తుంది. ఆ సంగతి బొమ్మ చేసేవాడి వాకిట్లో తప్ప దొరకదు. ఢిల్లీలో కూర్చుని వంద మంది క్లయింట్లకు వారానికి నాలుగు వ్యాసాల చొప్పున తయారు చేసే కంపెనీకి ఆ వాకిలి లేదు. విజయవాడ ఏజెన్సీకి అది ఇరవై కిలోమీటర్ల బస్సు ప్రయాణం.

విజయవాడలో వ్యాపారం దట్టంగా ఉంటుంది. వన్‌టౌన్ బట్టల హోల్‌సేలు, బీసెంట్ రోడ్డు చిల్లర షాపులు, ఆటోనగర్ విడిభాగాలు, రోడ్డుకో ఆసుపత్రి. ఇక్కడ మరో అభ్యంతరం వినాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం, ఫొటోలు ఎవరైనా పెట్టుకోవచ్చు, ఇంట్లో డిగ్రీ చదివే కుర్రాడు చేసిపెడతాడు, ఏజెన్సీకి డబ్బు ఎందుకు? ఒక్క చిన్న షాపుకు, ఇంట్లో ఓపిక ఉన్న మనిషి ఉంటే, ఏజెన్సీ అక్కర్లేదు. ఆ మాట క్లయింటుకు చెప్పేయగల ఏజెన్సీ మీద నాకు గౌరవం. కానీ ఉచితంగా వచ్చేదాన్ని కనిపెట్టుకుని ఉండటం కూడా ఒక పనే. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఒకప్పుడు ఉచితంగా చిన్న వెబ్‌సైటు కూడా ఇచ్చేది. చాలామంది ఆ చిరునామానే విజిటింగ్ కార్డుల మీదా బిల్లు పుస్తకాల మీదా అచ్చు వేయించుకున్నారు. 2024 మార్చిలో ఆ సైట్లన్నీ మూసేశారు. సొంత డొమైన్ ఉన్నవాడికి దానివల్ల ఏ నష్టమూ లేదు. లేనివాడి కార్డు మీద చిరునామా పనికిరాకుండా పోయింది. ఇలాంటివి ముందే తెలుసుకుని చెప్పేవాళ్లకు నెలజీతం ఇవ్వడం దండగ ఖర్చు కాదు. రివ్యూల సంగతీ అంతే. ఐదు నక్షత్రాల రివ్యూలు యాభై కొనిపెట్టే ప్యాకేజీలు బజారులో ఉన్నాయి. ఆన్‌లైన్ రివ్యూల మీద భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులోనే ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది. కొన్న రివ్యూలు గూగుల్ విధానాలకూ విరుద్ధం. ఆసుపత్రి విషయంలో ఇది నిబంధనల గొడవతో ఆగదు. దొంగ రివ్యూ చూసి ఎవరో తమ బిడ్డను ఆ మెట్లెక్కిస్తారు. ఏ ఏజెన్సీ అయినా ఈ ప్యాకేజీ ముట్టుకోకూడదు, క్లయింటు ఎంత పెద్దవాడైనా సరే. చేయదగ్గది వేరే ఉంది: నిజంగా వచ్చిన ఫిర్యాదుకు నలభై ఎనిమిది గంటల్లో యజమాని పేరు మీద మర్యాదగా జవాబు రాయించడం, ఫిర్యాదు నిజమైతే రిసెప్షన్ దాకా ఆ మాట చేర్చడం.

బెంజిసర్కిల్ దాటి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా డెల్టాలోకి దిగితే రెండు పక్కలా వరి, చెరుకు. ఇక్కడికి వచ్చేసరికి అన్నిటికంటే బలమైన అభ్యంతరం ముందుకొస్తుంది. 2024 ఆగస్టు నుంచి భారతదేశంలో కూడా గూగుల్ కొన్ని ప్రశ్నలకు కృత్రిమ మేధతో తానే సమాధానం రాసి పైన పెడుతోంది. జవాబు అక్కడే చదివేసినవాడు కింది లింకు నొక్కడు. లింకే నొక్కనప్పుడు ఎస్‌ఈఓ ఎవరికి కావాలి? ఈ దెబ్బ నిజమైనదే. సామాన్య సమాచారం రాసి, వచ్చిన జనానికి ప్రకటనలు చూపించి బతికే సైట్లకు గట్టిగానే తగులుతుంది. కలంకారీ అంటే ఏమిటి అన్న పేజీకి ఇక ముందంత మంది రారు. కానీ ఉయ్యూరులో ఈ రాత్రి తెరిచి ఉన్న మందుల షాపు ఏది అన్న ప్రశ్నకు యంత్రం సొంతంగా జవాబు పుట్టించలేదు. ఆ షాపు తన వేళలు ఎక్కడో ఒకచోట సరిగ్గా చెప్పి ఉండాలి. చెప్పకపోతే యంత్రం తప్పు చెబుతుంది, లేదా పక్క షాపు పేరు చెబుతుంది. అంటే ఈ మార్పు తర్వాత నిజాలు సేకరించే పనికి విలువ పెరిగింది, కిటుకుల విలువే తగ్గింది. ఇంకొకటి కూడా ఉంది. డెల్టాలో చాలామంది ఫోనుతో తెలుగులో మాట్లాడి అడుగుతారు, వాళ్లకు దొరికే పేజీలు ఎక్కువభాగం ఇంగ్లిషులో ఉంటాయి, లేదా యంత్రం అనువదించిన తెలుగులో ఉంటాయి. విత్తనాల షాపు, పశువుల డాక్టరు, మోటారు రిపేరు గురించి మనిషి రాసిన మంచి తెలుగు పేజీ ఇంకా అరుదే. ఆ అరుదైన సరుకు తయారు చేయగలిగింది ఇక్కడి మనుషులే.

మచిలీపట్నానికి దూరదేశాల కొనుగోలుదారులు కొత్త కాదు. ఆంగ్లేయులు 1611లో ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు, డచ్చివారు అంతకు ముందే వచ్చారు. ఈ తీరంలో అద్దిన గుడ్డలు పర్షియాకూ ఐరోపాకూ ఓడలెక్కాయి. రేవు పేరు ప్రపంచానికి తెలిసింది; అద్దినవాడి పేరు ఎవరికీ తెలియలేదు, వాడికీ కొనేవాడికీ మధ్య దుబాసీ, గుత్తేదారు, కంపెనీ ఉన్నారు. 1864 నవంబరు తుపానులో సముద్రం ఊరి మీద పడి సుమారు ముప్పై వేలమంది పోయారు. అద్దకం పని మాత్రం పది కిలోమీటర్ల దూరంలోని పెడనలో ఇప్పటికీ బతికే ఉంది. గుడ్డలో గంజి తీసి, కరక్కాయ నీళ్లలో ముంచి ఎండబెడతారు. నలుపు రావలసిన చోట ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రావణంతో, ఎరుపు రావలసిన చోట పటికతో టేకు అచ్చులు వేస్తారు. పారే నీటిలో ఉతికి, రంగునీళ్లలో ఉడికిస్తారు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ అచ్చుతో వేస్తారు, రెండింటికీ వేర్వేరు భౌగోళిక గుర్తింపులున్నాయి. వెతికేవాడికి రెండూ కలంకారీయే, స్క్రీన్ ప్రింటు కూడా కలంకారీయే. అచ్చు వేసే యూనిట్ కోసం రాసిన పేజీ ఆంధ్రప్రదేశ్‌లో అత్యుత్తమ కలంకారీ, విజయవాడలో అత్యుత్తమ కలంకారీ అని పదిసార్లు చెబితే బెంగళూరులోని బొటిక్ యజమానికి దానితో పనిలేదు. ఆమెకు కావలసింది గుడ్డ పన్నా ఎంత, కనీసం ఎన్ని మీటర్లకు ఆర్డరు తీసుకుంటారు, మొదటి ఉతుకులో ఏ రంగు దిగుతుంది, తన డిజైనుతో కొత్త అచ్చు చెక్కించాలంటే ఖర్చెంత, వానాకాలంలో గుడ్డ ఎండక ఆర్డరు ఎన్ని రోజులు ఆలస్యమవుతుంది. ఆలస్యమవుతుందని ముందే రాసిపెట్టడం నష్టమని కొందరు వ్యాపారులు భయపడతారు. టోకున కొనే మనిషి ఆ ఒక్క వాక్యం చూసే నమ్ముతుంది. బందరు లడ్డూ ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, చిలకలపూడి రోల్డ్ గోల్డు నగ పూత ఎన్నాళ్లకు పోతుంది అన్న ప్రశ్నల దగ్గరా ఇదే పద్ధతి.

ఇంతా చేశాక ఫలితానికి ఎంతకాలం? మార్పులు చేసి ప్రయోజనం కనపడటానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగులే చెబుతోంది. పెడనలో యూనిట్ నడిపేవాడు ఏడాది పాటు నెలనెలా కట్టగలడా అన్నది న్యాయమైన ప్రశ్న. చాలామంది కట్టలేరు. అందుకే ఈ దారిలోని వ్యాపారాలకు నెలవారీ ప్యాకేజీ సరిపోదని నేననుకుంటాను. మొదట ఒకేసారి చేసే పనికి ఒక మొత్తం: ఊరికి వెళ్లి రావడం, ఫొటోలు, ప్రొఫైలు, ఎనిమిదో పదో పేజీలు. ఆ తర్వాత మూడునెలలకోసారి సరిచూసే పనికి చిన్న రుసుము, పండగల సీజన్‌కు ముందు ఒకసారి అదనంగా. ఒకే వీధిలో నలుగురైదుగురు యూనిట్ల వాళ్లు కలిసి వస్తే ప్రయాణం ఖర్చు పంచుకోవచ్చు. నేత సొసైటీలున్న చోట సొసైటీయే ఒప్పందం చేసుకోవచ్చు. ఆ ఒప్పంద పత్రంలో అన్నిటికంటే ముందు రాయవలసింది హక్కుల సంగతి. డొమైన్ వ్యాపారి పేరు మీద, వ్యాపారి ఈమెయిలుతో కొనాలి. బిజినెస్ ప్రొఫైల్‌కు యజమాని వ్యాపారే, ఏజెన్సీ మేనేజరు మాత్రమే. సెర్చ్ కన్సోల్ అతని ఖాతాలో ఉండాలి. ఫొటోల అసలు ఫైళ్లు పెన్‌డ్రైవులో అతని చేతికివ్వాలి. లింకు కొన్నా, రివ్యూ కొన్నా ఏజెన్సీ డబ్బు వాపసు ఇవ్వాలి. ఏజెన్సీని మార్చుకుంటే వారంలోగా పాస్‌వర్డులన్నీ అప్పగించాలి. ఇవన్నీ తెలుగులో, వ్యాపారి చదివి సంతకం పెట్టగలిగే ఒక పేజీలో పడతాయి.